మేనమామ ఎక్కడ?

“తండ్రి వచ్చాడు, కూతుర్ని తీసుకుపోయాడు. ఇందులో నేరమేముందమ్మా?” అన్నాడు పాస్టర్ జబెస్ గోండ్వే.

ఇన్‌స్పెక్టర్ మలీతా కజెంబే ఆశ్రమం ఆఫీసులో ఆయన ఎదురుగా కూర్చుని నోట్‌బుక్ తెరిచింది. పొద్దున్నే స్టేషన్ మెట్ల మీద ఒక అవ్వ కూర్చుని కనిపించింది. చూపు సరిగా ఆనదు, చేతికర్రతో తడుముకుంటూ నడిచొచ్చింది. “మా మనవరాలు తియాంజానే గిలాదు ఆశ్రమంలో లేదంట. తల్లి లేని పిల్లని ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు?” అని అడిగిందే గాని ఏడవలేదు. అదొక్కటీ మలీతాకి నచ్చింది. ఏడ్చేవాళ్ళతో ఆమెకి ఈమధ్య పడటం లేదు.

నెల కిందట అన్న లెవిసన్‌ని పూడ్చిపెట్టి వచ్చిన దగ్గర్నుంచి ఆమెకి ఏదీ తగలడం లేదు. కూరలో ఉప్పు లేదని పిల్లలు చెప్తేనే తెలుస్తోంది. డ్యూటీ మాత్రం చేస్తోంది. కాళ్ళు స్టేషన్‌కి నడుస్తాయి, నోరు ప్రశ్నలు అడుగుతుంది.

“ఎన్నింటికి వచ్చాడు?”

“నిన్న సాయంత్రం నాలుగింటికి. అతిథుల వీడ్కోలు ఆరాధన మొదలవబోతోంది.”

“ఒక్కడేనా?”

“ఒక్కడే. ఇదిగో, ఈ కుర్చీలోనే కూర్చున్నాడు. ఫాంటా ఇచ్చాం. పాప పక్కన నిలబడింది. నేను ప్రార్థన చేశాను, అతిథులు ఫొటోలు తీసుకున్నారు. వెళ్ళిపోయారు.”

“అతను తండ్రేనని మీకెలా తెలుసు?”

“మావాళ్ళు చెప్పారు. పాప కూడా నాన్నా అంది. జొహానెస్‌బర్గ్‌లో కష్టపడి నాలుగేళ్ళకి తిరిగొచ్చినవాణ్ణి ఇంకేం అడుగుతామమ్మా?”

“మేనమామ ఎక్కడని అడగాలి.”

పాస్టర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు. ఎనిమిది నెలల కిందట ఉత్తరాది జిల్లాల నుంచి ఈ ఆశ్రమానికి బదిలీ అయి వచ్చాడు. చొక్కా మోచేతుల దగ్గర వెలిసిపోయింది. “మేనమామ ఎందుకు?” అన్నాడు.

నిజంగా తెలియకే అడిగాడో, తెలియనట్టు అడిగాడో మలీతాకి అంతుపట్టలేదు. ఈ సరస్సు ఒడ్డున పిల్లలు తల్లి వైపు వాళ్ళు. బడికి పంపాలన్నా, పెళ్ళి చెయ్యాలన్నా, ఊరు దాటించాలన్నా మేనమామ ఊ అనాలి. తండ్రి ఎంతటివాడైనా అత్తగారి ఊళ్ళో అల్లుడే. నాలుగేళ్ళకి తిరిగొచ్చినవాడు ముందు అత్తగారి గుమ్మం ముందు చాప మీద కూర్చుని, బావమరిదిని ముందు పెట్టుకుని మాట్లాడతాడు. నేరుగా ఆశ్రమానికొచ్చి ఫాంటా తాగి పిల్లని పట్టుకుపోయేవాణ్ణి ఇక్కడ తండ్రి అనరు, దొంగ అంటారు.

“మావైపు తండ్రి వస్తే ఇక అడిగేదేముండదు,” అన్నాడు పాస్టర్ మెల్లిగా.

“అదే చూస్తున్నాను.”

తలుపు దగ్గర బూట్ల చప్పుడైంది. సూపరింటెండెంట్ లూషస్ ముంతాలి లోపలికొచ్చాడు. ప్రాంతీయ కార్యాలయం మనిషి, ఇస్త్రీ మడత నలగని మనిషి. అతిథుల్ని విమానాశ్రయం దాకా దిగబెట్టడానికి జీపుతో వచ్చాడు. మలీతా లేచి నిలబడింది.

“కూర్చో కూర్చో. ఇంకా ఎంతసేపు ఈ పెద్దాయన్ని వేయిస్తావు?” అన్నాడు.

“పిల్ల కనపడేదాకా సర్.”

“పిల్ల కనపడకపోవడం ఏమిటి? తండ్రి దగ్గరుంది. సముద్రాలు దాటి వచ్చిన భక్తులు రెండు వారాలు ఈ ఎండలో గోడలకి సున్నాలేశారు, పిల్లలకి జావ కాచి పోశారు, పుళ్ళకి మందు రాశారు. వెళ్ళేరోజున వాళ్ళని పోలీసులు ప్రశ్నించారంటే వచ్చే ఏడు ఎవడొస్తాడు? ఈ ఎనభైమందికి జావ నువ్వు పోస్తావా?”

“పోయలేను సర్.”

“మరి?”

“ఈ ఊరివాడు అబద్ధం ఆడితే మేనమామ వచ్చాడని ఆడతాడు. తండ్రి వచ్చాడనే అబద్ధం ఇక్కడివాళ్ళకి తట్టదు. ఎవరో ఉత్తరాదివాళ్ళు అల్లిన కథ ఇది.”

ముంతాలి పాస్టర్ వైపు చూశాడు, మలీతా వైపు చూశాడు. “ఈ గదిలో ఉత్తరాదివాళ్ళం ఇద్దరం ఉన్నాం. ఎవర్నంటున్నావు?”

“ఇంకా తేలలేదు సర్.”

“ఎలకలు తినేవాళ్ళకి అనుమానాలెక్కువని మా తాత ఊరికే అనలేదు.”

“ఆవుల్నిచ్చి పిల్లల్ని కొనుక్కునేవాళ్ళకి అనుమానాలెందుకొస్తాయి సర్?”

ఇక్కడివాళ్ళు ఎలకలు తింటారు, ఉత్తరాదిన ఆవుల్ని కన్యాశుల్కంగా ఇస్తే పుట్టే పిల్లలు తండ్రివాళ్ళవుతారు. ఈ ఎత్తిపొడుపులు ఇక్కడ పెళ్ళిళ్ళలోనూ ఉంటాయి, చావుల్లోనూ ఉంటాయి. ఎవరూ పట్టించుకోరు. ముంతాలి నవ్వాడు గాని ఆ నవ్వు త్వరగానే పోయింది. “చూడు, నెల నుంచి నీ మనసు మనసులో లేదు. సెలవు తీసుకోమంటే తీసుకోవు. పన్నెండింటికి బస్సు కదులుతుంది. అప్పటిదాకా ఏమడుగుతావో అడుక్కో. తర్వాత ఈ కేసు నా బల్ల మీద మూసేస్తాను.”

*

బస్సు ముందు ఆర్లీన్ నిలబడి ఉంది. అతిథుల బృందానికి పెద్ద ఆవిడే. అరవై దాటిన మనిషి, ఎండకి ముక్కు చర్మం ఊడిపోయింది. మలీతా అడగకముందే ఫోన్ తీసి ఫొటో చూపించింది.

“చూడండి, ఎంత సంతోషంగా ఉందో. రెండు వారాల నుంచి రోజూ నా పక్కనే కూర్చుని బొమ్మలు వేసుకునేది. మా నాన్న వస్తాడు అని ఒక్కసారీ అనలేదు. సరిగ్గా చివరి రోజున ఆయన వచ్చాడు. మేమందరం ఏడ్చేశాం. ఊరెళ్ళాక సంఘంలో ఈ సాక్ష్యమే చెప్తాను.”

ఫొటోలో తియాంజానే పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది. ఎనిమిదేళ్ళ పిల్ల. పక్కన మనిషి టోపీ కిందికి లాక్కున్నాడు, మొహం సగమే కనిపిస్తోంది. పిల్ల అతని చొక్కా అంచు రెండు వేళ్ళతో పట్టుకుంది. చెయ్యి పట్టుకునేంత చనువు ఇంకా రాలేదు. మలీతా ఫొటోని పరీక్షగా చూసింది. గుండెల్లో ఏమైనా కదులుతుందేమోనని ఒక క్షణం ఆగింది. ఏమీ కదల్లేదు.

“అతను మీతో మాట్లాడాడా?”

“లేదు. తల దించుకునే ఉన్నాడు. ఆనందం ఎక్కువై మాట రాలేదనుకున్నాను.” ఆర్లీన్ ఫోన్ మూసింది. మళ్ళీ తెరిచింది. “ఏమైనా తప్పు జరిగిందా? నిజం చెప్పండి. నేను విమానం ఎక్కకుండా ఉండిపోవాలా?”

“ఆ ఫొటో నాకు పంపించండి. అది చాలు.”

ఆవిడ పంపించింది.

వంటపాక దగ్గర ఎలూబే పెద్దమ్మ జావ గిన్నెలు బోర్లిస్తోంది. ఆశ్రమం పుట్టినప్పటి నుంచి పిల్లల్ని పెంచుతున్న మనిషి. చిన్నా పెద్దా అందరికీ ఆమె పెద్దమ్మే. మలీతాని చూడగానే తడి చేతులు పైగుడ్డకి తుడుచుకుని దగ్గరికొచ్చింది.

“పెద్దమ్మా, మీరు మనవైపు మనిషి. మేనమామ మాట లేకుండా పిల్ల గడప ఎలా దాటింది?”

“నేనెవర్తెనమ్మా ఆపడానికి?” గొంతు తగ్గించింది పెద్దమ్మ. “మేనమామకి కబురు చేద్దామని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. తండ్రి వచ్చాక ఇంకెవరు అన్నారు పాస్టరుగారు. పొయ్యి దగ్గర ఉండేదాన్ని, నా మాట ఎక్కడ చెల్లుతుంది తల్లీ?”

“అతన్ని గుర్తుపట్టారా?”

“ఎప్పుడో చూసిన మొహం. అప్పుడు పుల్లలా ఉండేవాడు. జోబర్గ్ నీళ్ళు తాగితే మనిషి మారడూ? పిల్లయినా ఊహ తెలియని వయసులో చూసిందే. నాన్న అంటే నాన్నే అనుకుంది.”

అబద్ధం ఎవరిదో మలీతాకి దాదాపు తేలిపోయింది. పాస్టర్ నిన్న మేనమామని వద్దన్నాడు, ఇవాళ తన ముందు కూర్చుని మేనమామ ఎందుకని అడుగుతున్నాడు.

పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. “మీ అన్నగారి సంగతి విన్నాను. మంచివాళ్ళనే ముందు పిలుస్తాడు ప్రభువు. మీ పిల్లలకి ఇప్పుడు పెద్ద దిక్కు ఎవరమ్మా?”

“ఎవరూ లేరు.”

“అయ్యో తల్లీ.” ఆ చెయ్యి వెచ్చగా ఉంది. వెచ్చగా ఉందని మాత్రం మలీతాకి తెలిసింది. “నేను బయల్దేరాలి. ఏటా అతిథుల్ని విమానం దాకా పాటతో సాగనంపుతాను. ఈ ముసలి గొంతు వినకపోతే వాళ్ళకి ప్రయాణం కుదరదంట.”

“వెళ్ళిరండి పెద్దమ్మా.”

పన్నెండు కొట్టగానే జీపు కదిలింది. దాని వెనక బస్సు, బస్సు వెనక ఆశ్రమం పికప్పు. పికప్పులో డ్రైవరు పక్కన పెద్దమ్మ కూర్చుని చేతులు ఊపింది. పిల్లలు గేటు దాకా పరిగెత్తారు.

*

ఇక మిగిలింది పాస్టర్. మలీతా ఆయన్ని వెంటబెట్టుకుని ఆడపిల్లల గదికి నడిచింది. తప్పు చేసిన మనిషి గదిలో ఎటు చూడడో చూద్దామని ఆమె ఆలోచన.

ఆయన అన్ని వైపులా చూశాడు. “ఇదే ఆమె మంచం,” అని తనే చూపించాడు.

దోమతెర ముడేసి ఉంది. పరుపు మీద దుప్పటి సరిగా పరిచి ఉంది. మంచం కింద రోజూ వేసుకునే రబ్బరు చెప్పులు, రేకు మగ్గు ఉన్నాయి. ఆదివారం వేసుకునే గౌను లేదు, బూట్లు లేవు. తండ్రితో వెళ్ళే పిల్ల మంచివి వేసుకుని వెళ్తుంది, అందులో వింత లేదు. మలీతా పరుపు ఎత్తి చూసింది. ఏమీ లేదు. తలగడ చేతిలోకి తీసుకుంది. ఎందుకో ముక్కు దగ్గరికి వెళ్ళింది ఆ చెయ్యి.

కలరా ఉండల వాసన.

పక్క మంచం తలగడ వాసన చూసింది. చెమట, కొబ్బరినూనె. దాని పక్కది కూడా అంతే. మళ్ళీ తియాంజానే తలగడ చూసింది. ముక్కు పగిలేలా కలరా ఉండలు.

“ఈ ఉండలు ఎక్కడ పెడతారు పాస్టరుగారూ?”

“ఆ పెట్టెలో.” గది మూల ఇనప్పెట్టె చూపించాడు. “పోయినేడు అతిథుల సంఘంలో ఆడవాళ్ళు పిల్లలందరికీ ఉన్ని స్వెటర్లు అల్లి పంపించారు. పేర్లు కూడా కుట్టారు పాపం. ఈ సరస్సు ఒడ్డున స్వెటర్లేమిటని నవ్వుకున్నాం గాని, ప్రేమతో ఇచ్చినవి. పురుగు పట్టకుండా దాచాం.”

“తాళంచెవి?”

“పెద్దమ్మ కొంగున ఉంటుంది. వచ్చాక—”

“ఇప్పుడే తియ్యాలి.”

పాస్టర్ మారుమాట్లాడలేదు. బయటికి వెళ్ళి గునపం తెచ్చాడు. మలీతా చెయ్యి చాస్తే ఇవ్వకుండా తనే కొక్కెం పెకలించాడు. చెమట కారిపోయింది ఆయనకి. దాచుకునేదేమైనా ఉన్నవాడు ఇంత కష్టపడడు. మలీతా అది గమనించింది గాని పక్కన పెట్టింది.

స్వెటర్లు వరసగా మడిచి ఉన్నాయి. ప్రతిదాని మెడ దగ్గరా ఎర్ర దారంతో పేరు. ఇద్దరూ నేల మీద కూర్చుని ఒక్కొక్కటే విప్పి పేర్లు చదివారు. అడుగు దాకా చూశారు. తియాంజానే పేరు రాలేదు.

“ఈ ఎండలో స్వెటరా?” అన్నాడు పాస్టర్.

“ఎండలో కాదు. చలి ఉన్నచోటికి.” మలీతా గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. “పిల్ల దాన్ని తల కింద పెట్టుకుని పడుకుంది. ఎప్పుడు? నిన్న రాత్రి ఇక్కడ లేదు. అంటే మొన్న రాత్రే ఎవరో ఈ పెట్టె తాళం తీసి స్వెటర్ చేతికిచ్చారు. తండ్రి వచ్చింది నిన్న సాయంత్రం కదా? వస్తాడని మొన్నే ఎవరికి తెలుసు?”

పాస్టర్ చేతిలోని స్వెటర్ మడిచి పెట్టెలో పెట్టాడు.

“మావాళ్ళు చెప్పారన్నారు పొద్దున. ఆ మావాళ్ళు ఎవరు?”

“పెద్దమ్మ. ఆమే తీసుకొచ్చింది అతన్ని. పిల్లల ఇళ్ళ సంగతులన్నీ ఆమె చేతిలోనే ఉంటాయి. నేను కొత్తవాణ్ణి.”

“మేనమామకి కబురు చేద్దామని ఆమె అనలేదా?”

“అనలేదమ్మా. ఈ మేనమామ సంగతి మీరు చెప్తేనే విన్నాను.” ఆయన కళ్ళు తడయ్యాయి. “తండ్రి అంటే నేనింకేం అడగనని ఆమెకి తెలుసు. మా ఊరి పెళ్ళి కబుర్లు, మా పద్ధతులు అన్నీ వంటపాక దగ్గర కూర్చుని నేనే చెప్పాను.”

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు. పొద్దుట్నుంచి మలీతా ఇక్కడి పద్ధతి తెలియనివాడి కోసం వెతుకుతోంది. కథ అల్లినది రెండు పద్ధతులూ తెలిసిన మనిషి. ఉత్తరాది పాస్టర్‌కి తండ్రిని చూపిస్తే చాలునని తెలుసు ఆమెకి. ఇక్కడి మేనమామ వస్తే మాత్రం ఆట సాగదనీ తెలుసు. మరి ఆ మేనమామ ఏడి? పెద్దమ్మని అడిగింది, పాస్టర్‌ని అడిగింది. మెట్ల మీద కూర్చున్న అవ్వని మాత్రం మలీతా ఆ ప్రశ్న అడగలేదు.

గేటు దగ్గర గోడకి ఒక సైకిల్ ఆనించి ఉంది. వెనక సీటుకి మెత్త కట్టిన సైకిల్, మనుషుల్ని ఎక్కించుకుని తొక్కేది.

“ఇదెవరిది?” అని కాపలావాణ్ణి అడిగింది.

“నిన్న గొడవ చేసినవాడిది మేడమ్. పొద్దున పదింటికి వచ్చాడు. నా మేనకోడల్ని తీసుకెళ్తాను, పిలవండి అన్నాడు. తాగినట్టు నాకైతే కనపళ్ళేదు. పెద్దమ్మ తాగొచ్చాడని ఫోన్ చేసింది. మీ స్టేషన్ వాళ్ళే వచ్చి పట్టుకెళ్ళారు కదా?”

మలీతాకి గుర్తొచ్చింది. నిన్న పదకొండింటప్పుడు ఇద్దరు కానిస్టేబుళ్ళు ఒకతన్ని తీసుకొచ్చారు. ఆశ్రమం గేటు దగ్గర తాగి రభస చేస్తున్నాడు, దొరసానులు హడలిపోతున్నారు అన్నారు. అతను బల్ల మీద రెండు చేతులూ ఆనించి, “అమ్మా, నేను మేనమామని” అన్నాడు. ఆ మాట చెవిన పడగానే ఆమె లోపల ఏదో తలుపు మూసుకుంది. ఆ మాట వినాలనిపించలేదు. తలెత్తి మొహం కూడా చూడలేదు. “లోపల పడేయండి, రేపు చూద్దాం” అంది.

మేనమామని లోపల పెట్టింది తనే. అది జరిగిన ఐదు గంటల్లోనే తండ్రి వచ్చాడు.

*

స్టేషన్ మెట్ల మీద అవ్వ ఇంకా అక్కడే కూర్చుని ఉంది.

“అవ్వా, నీ కొడుకెక్కడ?”

“సికేలోనా? నిన్న పొద్దున పిల్ల కోసమే ఆశ్రమానికి వెళ్ళాడమ్మా. రాత్రి ఇంటికి రాలేదు. పిల్లని వెతుక్కుంటూ పోయాడేమో అనుకున్నా.”

“పొద్దున నాకు చెప్పలేదేం?”

“నువ్వడిగితే కదా తల్లీ. మేనమామ ఏడని అడుగుతావని చూశాను. అడగలేదు. పోలీసుల పద్ధతి వేరేమో అనుకున్నా.”

కొడుకు ఆమె వెనక గోడకి అవతలే ఉన్నాడు. మలీతా ఆ మాట అవ్వకి చెప్పలేక లోపలికి వెళ్ళింది. కాపలా కానిస్టేబుల్ లేచి సెల్యూట్ చేసి తాళాల గుత్తి చేతికిచ్చాడు.

సికేలో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. మొహాన కోపం కూడా లేదు, అదంతా రాత్రే అరిచి అరిచి అయిపోయినట్టుంది.

“తాగలేదు కదూ?” అంది మలీతా.

“నేను సంఘంలో పాటలు పాడేవాణ్ణమ్మా. తాగను.”

“తియాంజానే తండ్రి ఎక్కడ?”

“జోబర్గ్‌లో. మొన్న శుక్రవారం కూడా ఫోన్లో మాట్లాడాడు. వస్తే ముందు నాకే కదా చెప్పేది?”

“ఎలూబే పెద్దమ్మ నీకేం చెప్పింది?”

“మూడుసార్లు వచ్చిందమ్మా మా ఇంటికి. డెడ్జా కొండల్లో, పక్క దేశపు సరిహద్దు దాటగానే ఒక పెద్దింట్లో పసిబిడ్డని ఆడించడానికి పిల్ల కావాలంది. తిండీ బట్టా వాళ్ళే చూస్తారు, ఇక్కడికన్నా నయం అంది. పనిమనిషిగానా అన్నాను. అలా ఎందుకనుకుంటావు అంది. నేను ఒప్పుకోలేదు. పోయినేడు ఇద్దరు పిల్లల్ని అలాగే పంపిందంట. వాళ్ళకి మేనమామలు లేరు. వాళ్ళు ఇప్పటిదాకా తిరిగి రాలేదు. ఆదివారం పిల్లని చూడ్డానికెళ్తే, మామా, నేను చలి ఊరికి వెళ్తున్నా, నాకు స్వెటరు ఇస్తారంట అని గంతులేసింది. ఇక ఉండబట్టలేక నిన్న తెచ్చేసుకుందామని వెళ్ళాను.” సికేలో తలెత్తి ఆమెని చూశాడు. “మీకు చెప్పాను కదమ్మా, మేనమామనని.”

“చెప్పావు.”

“మీరు వినలేదు.”

“వినలేదు,” అంది మలీతా. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. ముందు పిల్ల. ఫోన్ తీసి ముంతాలికి కలిపింది. మూడోసారికి మోగింది.

“ఏమిటి మలీతా? బస్సు ముందున్నాను, చప్పున చెప్పు.”

“సర్, ఆశ్రమం పికప్పు మీ వెనకే ఉందా?”

“పికప్పా? లేదు. సలీమా కూడలిలోనే విడిపోయింది. పాపం ఆ పెద్దమ్మకి ఏదో చావు కబురొచ్చిందంట, బోరుమని ఏడ్చింది. డెడ్జా దారిన పోయారు.”

“ఎంతసేపైంది?”

“గంట దాటింది. ఎందుకు?”

“సర్, దారిలో తనిఖీ గేట్లకి ఫోన్ చెయ్యండి. ఆ బండి ఆపాలి.”

“ఆపొద్దని చెప్పాను,” అన్నాడు ముంతాలి. గొంతులో ఇస్త్రీ మడత పోయింది. “సరిహద్దు దాకా ప్రతి గేటుకీ నేనే ఫోన్ చేశాను. చావింటికి వెళ్తున్నారు, తనిఖీలంటూ విసిగించకండి, నా పేరు చెప్పండి అన్నాను.”

“మళ్ళీ చెయ్యండి.”

“చేస్తాను. కాని కొండెక్కాక ఫోన్లు అందవు. పికప్పులో ఏముంది మలీతా?”

“పెద్దమ్మతో ఇంకెవరున్నారు సర్? కూడలిలో ఎవరైనా ఎక్కారా?”

“ఒక పిల్ల ఎక్కింది. టోపీ పెట్టుకున్నవాడొకడు తీసుకొచ్చి ఎక్కించాడు. మేనకోడలంది. ఈ ఎండలో ఉన్ని స్వెటర్ వేసుకుని ఉందేమిటా అనుకున్నాను. జ్వరం అంది పెద్దమ్మ.” ముంతాలి ఊపిరి గట్టిగా వినిపించింది. “మెడ దగ్గర ఎర్ర దారంతో ఏదో కుట్టి ఉంది. నేను చదవలేదు.”

“తియాంజానే అని కుట్టి ఉంటుంది సర్.”

“బండి కదులుతుంటే నాకు చెయ్యి ఊపింది,” అన్నాడు ముంతాలి. “నేనూ ఊపాను.”

ఊచల అవతల సికేలో లేచి నిలబడ్డాడు. “ఏమన్నాడమ్మా? దొరికిందా?”

మలీతా తాళంచెవి తాళంలో పెట్టబోయింది. పట్టలేదు. మళ్ళీ పెట్టింది. అన్న పోయాక ఇన్నాళ్ళకి ఆమెకి మొదటిసారి భయమేసింది. ఒళ్ళంతా పాకింది ఆ భయం.

“ఆ పెద్దిల్లు ఎక్కడో నీకు తెలుసా?” అంది తలుపు తెరుస్తూ.

“ఊరి పేరు చెప్పింది. ఇల్లు వెతుక్కోవాలి.”

“నడు. స్టేషన్ జీపెక్కు.”

“మా అమ్మకి ఒక మాట చెప్పొస్తాను.”

“అమ్మ మెట్ల మీదే ఉంది. నిన్నట్నుంచి నువ్వు ఎక్కడున్నావో నేను చెప్తాను,” అంది మలీతా, అతనికన్నా ముందు బయటికి నడుస్తూ.